ఎయిర్ రైఫిల్‌కు స్టాక్ మార్చే ముందు కొలుచుకోవలసినవి

రైఫిల్‌ను చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగాన్ని స్టాక్ అంటారు. మూడేళ్ల కిందట నేను కొన్న అల్యూమినియం స్టాక్ ఇప్పుడు మా ఇంటి అటక మీద, వచ్చిన పెట్టెలోనే ఉంది. దానికి నా రెండు నెలల జీతం అయింది. బిగించిన మొదటి ఆదివారమే మెడ కుడిపక్క పట్టేసింది. నెలన్నర గడిచాక నోట్‌బుక్ తీసి చూసుకుంటే, పాత బీచ్ చెక్క స్టాక్‌తో వచ్చిన స్కోరు కూడా రావడం లేదు. స్టాక్‌లో ఏ లోపమూ లేదు. నా భుజానికీ ట్రిగ్గర్ మీది వేలికీ మధ్య ఎంత దూరమో, నిటారుగా నిలబడితే నా కన్ను ఎంత ఎత్తున ఉంటుందో కొలుచుకోకుండా కొన్నాను. షూటింగ్ రేంజికి కొత్తగా వచ్చేవాళ్లు మొదటి నెలలోనే స్టాక్ మార్చాలని తొందరపడటం చూస్తున్నాను. వాళ్ల డబ్బు, వాళ్ల మెడలు రెండూ బాగుండాలని ఇది రాస్తున్నాను.

నేను మల్కాజ్‌గిరిలో లెక్కల టీచర్‌ని. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం గచ్చిబౌలి వైపు రేంజికి వెళ్లి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాలుస్తాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ వాడే మ్యాచ్ రైఫిల్ గురించే. మన చట్టం ప్రకారం 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టం రంధ్రం, 20 జూల్స్‌కు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి సుమారు 7.5 జూల్సే. అందువల్ల స్టాక్, సైట్లు (గురి చూసే భాగాలు), బరువులు మార్చుకోవడానికి మనకు స్వేచ్ఛ ఉంది. గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌ను, లోపలి స్ప్రింగులను మాత్రం సొంతంగా విప్పకండి. అక్కడ పని పడితే తయారీదారు శిక్షణ ఇచ్చిన మెకానిక్ చేతికే ఇవ్వాలి.

ముందు రైఫిల్ లేకుండా మొదలుపెట్టండి. ఒక గోడ మీద నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున చుక్క పెట్టండి. పోటీల్లో లక్ష్యం మధ్యభాగం ఉండే ఎత్తు అదే. కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ తుంటి గోడ వైపు ఉండేలా, పాదాలు భుజాల వెడల్పున పెట్టి నిలబడండి. ఎడమ మోచేయిని తుంటి ఎముక మీద, అది కుదరకపోతే పక్కటెముకల మీద ఆనించి పిడికిలి పైకెత్తండి. తల వంచకుండా చుక్కను చూడండి. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి పిడికిలి పైభాగం నుంచి మీ కంటి ఎత్తు వరకు టేపుతో కొలవమనండి. నాకు 23 సెంటీమీటర్లు వచ్చింది, మా అమ్మాయికి 19. ఆ దూరాన్ని రైఫిల్ పూరించాలి. స్టాక్ ముందుభాగం కింద బిగించే రైజర్, స్టాక్ మందం, సైట్ల కింద పెట్టే దిమ్మలు కలిసి ఆ కొలత వరకు రావాలి. రాకపోతే తేడా మెడ మీద పడుతుంది, నడుము మీద పడుతుంది. పోటీ నియమాల్లో ముందుభాగం గొట్టం మధ్యరేఖ నుంచి 120 మిల్లీమీటర్లకు మించి కిందికి దిగకూడదని ఉంది. కాబట్టి పొడుగు మెడ ఉన్నవాళ్లు మిగిలిన ఎత్తును సైట్ల దగ్గర తెచ్చుకోవాలి.

గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లోనే పెరిగారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ 10 మీటర్ల పోటీలోనే కాంస్యం గెలిచారు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది కూడా ఇందులోనే. ఒకరిది భారీ దేహం, మరొకరిది సన్నని దేహం. ఇద్దరి ఫొటోలనూ పక్కపక్కన పెట్టి నిలబడిన తీరు చూడండి. ఒకరి రైఫిల్ అమరిక మరొకరికి సరిపోయేది కాదని కంటికే తెలుస్తుంది. ఎవరి దగ్గరో చూసిన స్టాక్‌నే ఆర్డరు పెట్టే ముందు ఆ ఫొటోలు గుర్తు చేసుకోండి.

తర్వాత పొడవు, అంటే బట్‌ప్లేట్ (భుజానికి ఆనే వెనక పలక) నుంచి ట్రిగ్గర్ వరకు ఉన్న దూరం. ఈ కొలత షూటింగ్ జాకెట్ వేసుకునే తీసుకోవాలి. బట్ట మందం నియమాల ప్రకారం 2.5 మిల్లీమీటర్లే అయినా, ముడతలు, భుజం దగ్గర అతుకులు కలిసి కొలత చాలా మారిపోతుంది. ఏప్రిల్‌లో ఉక్కపోతకు జాకెట్ లేకుండా సర్దుకుని, పోటీ రోజు జాకెట్ వేసుకుంటే బట్‌ప్లేట్ భుజంలో ఇమడదు. గ్రిప్ పట్టుకున్నప్పుడు కుడి మణికట్టు వంగకుండా ఉండాలి, చూపుడువేలి మొదటి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీద పడాలి, వెనక సైట్‌కూ కంటికీ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం మిగలాలి. ఈ మూడింటిలో ఒకటి కుదిరి ఇంకొకటి చెడితే ముందు మణికట్టును సరిచేసుకోండి. మణికట్టు వంగితే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ రైఫిల్ పక్కకు కదులుతుంది. కంటి దూరాన్ని సైట్‌ను పట్టాల మీద ముందుకు, వెనక్కు జరిపి సర్దుకోవచ్చు.

నా దృష్టిలో మొదట డబ్బు పెట్టదగినది స్టాక్ మొత్తం కాదు, బట్‌ప్లేట్. చాలా మ్యాచ్ రైఫిళ్లకు పాత స్టాక్ మీదే మంచి బట్‌ప్లేట్ బిగించుకోవచ్చు. మెక్, టెక్-హ్రో వంటి జర్మన్ తయారీలు పైకి, కిందికి, పక్కలకు జరుగుతాయి, కొద్దిగా తిరుగుతాయి కూడా. రైఫిళ్లన్నింటికీ పట్టాలు ఒకే కొలతవి కావు కాబట్టి కొనే ముందు మీ స్టాక్ పట్టాను వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి అమ్మేవాళ్లకు చెప్పండి. బిగించాక ఇలా సర్దండి. ముందుగా బట్‌ప్లేట్‌ను బాగా కిందికి దించండి. అలా దించితే రైఫిల్ పైకి లేచి మీ ముఖం దగ్గరకు వస్తుంది. తలను రైఫిల్ దగ్గరకు తీసుకుపోకండి, రైఫిల్‌నే తల దగ్గరకు రానివ్వండి. బట్‌ప్లేట్ కింది కొక్కెం చంక కింద తేలికగా ఆనాలి, నొక్కకూడదు. మీ పక్కన దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి, ఎదురుగా నిలబడి ఎవరినైనా ఫోనుతో ఫొటో తీయమనండి. ముక్కు నిలువుగీత ఆ దారానికి సమాంతరంగా ఉంటే తల నిటారుగా ఉన్నట్టు. నా మొదటి ఫొటోలో తల కుడివైపు బాగా వాలి ఉంది. మెడనొప్పికి కారణం ఆ ఫొటోలోనే కనిపించింది.

చెంప ఆనే భాగమైన చీక్‌పీస్‌ను ఆ తర్వాతే ముట్టుకోండి. కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి, చెంపను దాని బరువుతోనే ఆనించండి. కండరంతో నొక్కవద్దు. రెండు ఊపిరులు వదిలాక కళ్లు తెరవండి. వెనక సైట్ రంధ్రంలో ముందు సైట్ గొట్టం సరిగ్గా నడుమ కనిపించాలి. గొట్టం పైకి జరిగి కనిపిస్తే కన్ను ఎత్తుగా ఉంది, చీక్‌పీస్ దించండి. కిందికి జరిగి కనిపిస్తే ఎత్తండి. ఒక్కసారి చూసి నమ్మవద్దు, పదిసార్లు చేయండి. పదిలో ఎనిమిదిసార్లు నడుమ కనిపిస్తే మరలు బిగించి, ప్రతి మర తల మీదా పక్కనున్న లోహం మీదా కలిసేలా గోళ్ల రంగుతో ఒక గీత పెట్టండి. మర కదిలితే గీత విడిపోతుంది. మా అమ్మాయి ఎర్రరంగు సీసా ఇప్పుడు నా రైఫిల్ పెట్టెలోనే ఉంటుంది.

కొనే ముందు ఆధిపత్యం ఉన్న కన్ను ఏదో కూడా చూసుకోండి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి దూరంగా ఉన్న వస్తువును చూస్తూ ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులో నిలుస్తుందో అదే మీ కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను ముందుంటే, ఎడమచేతి స్టాక్ కొనాలా, ఆ కన్నుకు అడ్డుగా పెట్టే బ్లైండర్‌తో సర్దుకోవాలా అన్నది కోచ్ ఎదుట నాలుగు వారాలు కాల్చి తేల్చుకోవలసిన విషయం.

ఇక బరువు. నియమం ప్రకారం సైట్లతో కలిపి రైఫిల్ 5.5 కిలోలు మించకూడదు. ముందువైపు బరువు పెంచితే గొట్టం ఊగడం నెమ్మదిస్తుందని విని, బాలానగర్‌లో లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గర స్టీలు బిళ్లలు చేయించుకున్నాను. ఒక్కొక్కటి 50 గ్రాములు. "దేనికమ్మా ఇవి?" అని అడిగారు. చెబితే, "అయితే అంచులు నున్నగా చేస్తాను బిడ్డా, చేయి కోసుకోకుండా" అని ఆకురాయి పట్టి ఇచ్చారు. చక్కని పని. నేనే ఆశపడి ఎనిమిది బిళ్లలు తగిలించాను. ఒక క్లబ్ పోటీ రోజు పొద్దున తూకం వేస్తే 5 కిలోల 580 గ్రాములు వచ్చింది. బల్ల దగ్గరే నిలబడి వణికే వేళ్లతో రెండు బిళ్లలు తీసేయవలసి వచ్చింది. ఆ రోజంతా రైఫిల్ తూగు నాకు కొత్తగానే ఉంది. పోటీ అంటే 75 నిమిషాల్లో 60 గుళ్లు, వాటికి ముందు పరీక్షకు కాల్చేవి వేరే. మధ్యలో దించి మళ్లీ ఎత్తేవి కలిపితే అంత బరువును వందసార్ల దాకా ఎత్తుతాం. ఇప్పుడు నా రైఫిల్ 4 కిలోల 700 గ్రాములు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి రైఫిల్ 4 కిలోల 200. ఎదిగే పిల్లలకు ఖరీదైన స్టాక్ వద్దు. బట్‌ప్లేట్ వెనక స్పేసర్ బిళ్లలు వేస్తూ పోతే సరిపోతుంది.

సైట్ల విషయంలో ఒక్క వస్తువు మాత్రం గట్టిగా చెబుతాను. వెనక సైట్‌కు రంధ్రం పరిమాణం మార్చుకునే ఐరిస్ కొనండి. గేమన్, సెంట్రా వంటివి దొరుకుతాయి. నలభై దాటాక ముందు సైట్ మసకబారుతుంది. రంధ్రాన్ని 1.1 మిల్లీమీటర్ల దాకా తగ్గించగానే వలయం అంచు మళ్లీ స్పష్టంగా కనిపించిన రోజు నాకు ఎంతో సంతోషం కలిగింది. మరీ తగ్గిస్తే చీకటి కమ్ముతుంది. ముందు సైట్ వలయం విషయంలో కొత్తవాళ్లు చిన్నది కావాలంటారు. లక్ష్యం మీది 30.5 మిల్లీమీటర్ల నల్లని గుండ్రం చుట్టూ తెల్లని అంచు హాయిగా కనిపించాలి. వలయం బిగుతుగా ఉంటే నల్లని భాగం లోపల ఎగిరిపడుతున్నట్టు ఉంటుంది, దాన్ని పట్టి నిలపాలని ఊపిరి బిగబట్టి కండరాలు అలసిపోతాయి. 4.2 మిల్లీమీటర్ల వలయం దగ్గర మొదలుపెట్టి, నెలలు గడిచాక తగ్గించండి. రెండో కన్ను మూయకండి. ఐస్‌క్రీం డబ్బా తెల్లమూత నుంచి 30 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించి వెనక సైట్‌కు తగిలిస్తే అదే బ్లైండర్. రైఫిల్ మీద బిగించే దుర్భిణి, బైపాడ్ ఈ ఆటలో పనికిరావు, నిలబడి కాల్చే ఎయిర్ రైఫిల్‌కు స్లింగ్ కూడా అనుమతించరు. గుళ్ల మధ్య రైఫిల్ ఆనించే స్టాండ్ మాత్రం మొదటి నెలలోనే కొనుక్కోండి. ఎడమ చేయి, నడుము దానివల్లే విశ్రాంతి పొందుతాయి.

చెక్కా, అల్యూమినియమా అని అందరూ అడుగుతారు. అల్యూమినియంలో సర్దుబాట్లు ఎక్కువ, వానాకాలంలో ఉబ్బదు. చెక్క చేతికి, చెంపకు హాయి. వాల్‌నట్ గానీ బీచ్ గానీ మన జూలై తేమకు కొద్దిగా ఉబ్బుతుంది, దానితో గొట్టం భాగాన్ని పట్టి ఉంచే మరల బిగుతు మారుతుంది. నేను జూన్ చివర ఒకసారి, నవంబరులో ఒకసారి బిగుతును కొలిచే టార్క్ కీతో చూసుకుంటాను. ఎంత బిగించాలో రైఫిల్ పుస్తకంలో ఉంటుంది. చేతి బలాన్ని నమ్ముకుంటే చెక్క చిట్లుతుంది. అలెన్ కీలు రాణిగంజ్‌లో మంచివి కొనండి, అంచులు అరిగినవి మర తలలను పాడుచేస్తాయి. మే నెలలో రైఫిల్‌ను కారు డిక్కీలో వదలకండి. ఆ వేడి చెక్కకూ మంచిది కాదు, నిండా గాలి నింపిన సిలిండరుకూ మంచిది కాదు.

మార్చినవాటిని ఎలా నమ్మాలి? ఒకసారికి ఒకే మార్పు చేయండి. మూడు రోజులు, రోజుకు 60 గుళ్లు కాల్చి, కాగితం మీద గుళ్లు ఎంత దగ్గరగా పడ్డాయో కొలవండి. స్కోరును ఆ మూడు రోజులూ పక్కన పెట్టండి. మధ్యలోని పది వలయం అర మిల్లీమీటరు చుక్క. సైట్ తిప్పితే స్కోరు మారిపోతుంది, గుంపు వెడల్పు మారదు. నా నోట్‌బుక్‌లో తేదీ, బట్‌ప్లేట్ ఎత్తు, చీక్‌పీస్ ఎత్తు, పొడవు అని నాలుగు గడులు ఉంటాయి. ఏదైనా చెడితే పాత అంకెలకు తిరిగి వెళ్లగలుగుతాను.

పాతవి కొనేవాళ్లు స్టాక్ మెరుపు చూసి మోసపోకండి, ముందు సిలిండరు చూడండి. దాని మీద తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. చాలా జర్మన్ తయారీదారులు అల్యూమినియం సిలిండరుకు పదేళ్ల గడువు పెడతారు. అందులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి గడువు దాటినదాన్ని నింపనివ్వకండి, ఎంత చవకగా ఇచ్చినా సరే. కొత్త సిలిండరు ధరను కలుపుకుని ఆ పాత రైఫిల్ ఇంకా చవకేనా అని లెక్కవేయండి. ఆ లెక్క కుదిరిన తర్వాత జాకెట్ వెంట తీసుకెళ్లి, అమ్మేవారి ఎదుటే దాన్ని భుజానికి ఎత్తి, కళ్లు మూసి తెరిచి చూడండి.