పెద్ద స్క్రీన్ ఫోన్ సతాయిస్తోందా? ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చే ముందు ఇవి చూడండి

మా చిన్నాయన పని ఎనుమాముల మార్కెట్ యార్డులో. చలికాలం పత్తి, ఎండాకాలం మిర్చి. కండ్లు సరిగా ఆనడం లేదని 6.7 అంగుళాల ఫోన్ కొన్నాడు. ఏడాది తిరగకముందే మే నెల మిట్టమధ్యాహ్నం హన్మకొండలో మా ఇంటికొచ్చి, "ఇది ఉత్త డబ్బా రా, చౌరస్తా కాడ షాపోడు బోర్డు పోయిందన్నడు, నాలుగు వేలకు ఇచ్చేస్త" అన్నాడు. ఒక్కరోజు నా దగ్గర ఉంచమన్నాను. బోర్డు (ఫోన్‌ను నడిపే లోపలి సర్క్యూట్) పోలేదు, కానీ దాంట్లో నాలుగు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. నేను పట్టుకున్న వరుసలోనే చెప్తాను.

సమస్య: మధ్యాహ్నం కాగానే నత్తనడక, వెలుతురు దానంతటదే తగ్గిపోవడం

కారణం వేడి. 6.1 అంగుళాల స్క్రీన్ కంటే 6.7 అంగుళాల స్క్రీన్ విస్తీర్ణం సుమారు 20 శాతం ఎక్కువ, అంత జాగా వెలగాలంటే కరెంటు కావాలి. పైగా ఎండలో కనబడాలని బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుతాం. యాపిల్ కంపెనీ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని చెబుతుంది, మన వరంగల్‌లో మే నెలలో 40 దాటడం మామూలే. అప్పుడు ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, స్క్రీన్ మసక చేస్తుంది, ఛార్జింగ్ కూడా నెమ్మది చేస్తుంది. మనకేమో పాడైపోయినట్టు కనిపిస్తుంది.

తేల్చుకోవడం తేలిక. మధ్యాహ్నం సతాయించిన పనినే పొద్దున ఆరింటికి చేసి చూడండి. అప్పుడు చకచకా నడిస్తే బోర్డుకు ఏమీ కాలేదు. మందపాటి కవర్ తీసేయండి, రిఫ్రెష్ రేట్, అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క, 120 నుంచి 60కి దించండి (డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే ఉంటుంది), బండి హ్యాండిల్‌కు బిగించి మ్యాప్స్ పెట్టి, పైనుంచి ఛార్జింగ్ కూడా పెట్టి ఎండలో తిరగడం మానేయండి, ఎండ, మ్యాప్స్, ఛార్జింగ్ మూడూ కలిస్తే ఎంత ఖరీదైన ఫోనైనా చేతులెత్తేస్తుంది. చల్లబడాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే చల్లటి చెంబుకు పట్టినట్టు తేమ పడుతుంది, అది లోపల కూడా పట్టొచ్చు. మా చిన్నాయన రెండుసార్లు పెట్టాడట, అదృష్టం బాగుంది.

కొత్త ఫోన్ కొనేవాళ్లకు కూడా ఇదే మాట. ఏసీ షోరూంలో ఒక్కసారి టెస్ట్ పెట్టి వచ్చిన స్కోరు చూసి మురిసిపోవద్దు. ఫోన్ వేగాన్ని కొలిచే త్రీడీమార్క్ యాప్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ అని ఒకటుంది, ఒకే పరీక్షను 20 నిమిషాల పాటు మళ్లీ మళ్లీ నడుపుతుంది. మొదటి స్కోరుకూ చివరి స్కోరుకూ మధ్య ఎంత పడిపోయిందో చూస్తే ఆ ఫోన్ మన ఎండకు ఏపాటి ఆగుతుందో తెలుస్తుంది.

సమస్య: పొద్దున కూడా స్లో, కెమెరా తెరుచుకోవడానికే యుగం పడుతుంది

వెంటనే స్టోరేజ్ చూడండి. చిన్నాయన ఫోన్‌లో 128 జీబీకి మిగిలింది రెండు జీబీ. అంతా వాట్సాప్‌లో వచ్చిన శుభోదయాలు, మిర్చి ధరల వీడియోలు, పెళ్లి డ్యాన్సులు. ఫోన్ మెమరీలో కొత్తగా రాయాలంటే ముందు ఖాళీ గడి దొరకాలి, దొరక్కపోతే పాతది సర్ది, చెరిపి, ఆ తర్వాత రాయాలి, అందుకే ప్రతి పనీ నిలిచి నిలిచి నడుస్తుంది. కనీసం 15 శాతం ఖాళీగా ఉంచండి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే సగం తలనొప్పి పోతుంది. వర్చువల్ ర్యామ్ (స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా, అంటే ఫోన్ పని చేసేటప్పుడు వాడే మెమరీలా, వాడుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే అదీ ఆపి చూడండి, అది స్టోరేజ్‌లోంచే జాగా తీసుకుంటుంది, అసలు ర్యామ్ అంత వేగం దానికి లేదు. ఇక బూస్టర్, క్లీనర్ యాప్‌లు కనిపిస్తే తీసేయండి. వాటి ప్రకటనలే ఫోన్‌కు పెద్ద బరువు.

ఇవన్నీ చేసినా హ్యాంగ్ అవుతుంటే మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లో పెట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే అడుగుతుంది. అందులో బాగా నడిస్తే తప్పు మీరు వేసుకున్న ఏదో యాప్‌ది, ఈమధ్య వేసినవాటిని ఒక్కొక్కటే తీస్తూ పోండి.

సమస్య: ఛార్జింగ్ ఎక్కదు, కేబుల్ వదులుగా ఊగుతుంది

ఇది చూసి నాకు నవ్వాగలేదు. టార్చి వేసి చూస్తే ఛార్జింగ్ పోర్ట్ నిండా పత్తి దూది! చలికాలమంతా జేబులో చేరింది, కేబుల్ పెట్టిన ప్రతిసారీ గట్టిగా అణిగి అడుగున దిండులా కూర్చుంది. ఫోన్ స్విచాఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గోకి తీయాలి. పిన్నీసు, సూది వద్దు, లోపలి పిన్నులు వంగితే నిజంగానే ఖర్చు. పత్తి మన దగ్గర కాబట్టి ఇది చెప్తున్నాను గానీ, మామూలు జేబు దూది కూడా ఇదే పని చేస్తుంది. శుభ్రం చేశాక కూడా నెమ్మదిగానే ఎక్కితే ఫోన్‌తో వచ్చిన ఛార్జర్, కేబుల్ రెండూ పెట్టి చూడండి.

సమస్య: స్క్రీన్ తనంతట తానే ఎక్కడపడితే అక్కడ నొక్కుకుంటుంది

ఛార్జింగ్ తీసి చూడండి. ఆగిపోతే నాసిరకం ఛార్జర్ పని, మార్చేయండి. ఆగకపోతే స్క్రీన్ గార్డ్ తీసి, చెమట తుడిచి చూడండి. అంచులు వంపు తిరిగిన పెద్ద ఫోన్లలో అరచేయి తగిలి కూడా ఇలా అవుతుంది, దానికి కాస్త అంచున్న కవర్ చాలు.

బ్యాటరీ గురించి ఒక్క మాట. కరీంనగర్ బస్సులో వెళ్లేటప్పుడు సిగ్నల్ అందని చోట ఫోన్ టవర్ వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది, దారిలో 4జీకి మార్చుకుంటే కొంత నయం. మేడారం జాతరలో నెట్ రాకపోతే మాత్రం ఫోన్‌ను తిట్టి లాభం లేదు, అంత జనం ఒకేసారి టవర్ మీద పడితే అంతే.

అన్నీ చూశాక, డేటా బ్యాకప్ తీసి ఫ్యాక్టరీ రీసెట్ (అంతా చెరిగిపోయి కొత్త ఫోన్‌లా అవుతుంది) చేసి, ఏ యాప్ వేయకుండా, చల్లటి వేళ కూడా ఆగిపోతుంటే అప్పుడు హార్డ్‌వేర్. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వీటిలో ఏదీ చేయొద్దు, బ్యాటరీ వాచింది, ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి, బిల్లు మర్చిపోవద్దు. చిన్నాయనకు అంతదాకా రాలేదు. దూది తీసిన టూత్‌పిక్‌ను మాత్రం జేబులో వేసుకుని పోయాడు.