కొత్త చక్రాలు వేయించాక స్టీరింగ్ వణుకుతుంటే: లక్షణం నుంచి లోపం దాకా

పర్లాకిమిడిలో కొత్త అల్లాయ్ వీల్స్, కొత్త టైర్లు వేయించుకున్న కారు ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. పాతపట్నం మీదుగా టెక్కలి చేరి, 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ చేతుల్లో సన్నగా వణకడం మొదలుపెడుతుంది. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మనవి చాలావరకు ఘాట్ రోడ్లూ మలుపుల దారులూ కావడం వల్ల, ఈ లోపం బయటపడేంత వేగం రోజువారీ ప్రయాణంలో అరుదుగా వస్తుంది. చక్రాలు మార్పించిన రెండు మూడు వారాలకు గాని సంగతి తెలియదు. అప్పటికి అది ఇంజనుదో సస్పెన్షన్‌దో అనుకొని వేరే ఖర్చులు మొదలుపెట్టేవారు ఉన్నారు. పాత చక్రాలతో లేని వణుకు కొత్త చక్రాలతో వచ్చిందంటే, వేరే రుజువు దొరికేదాకా ఆ చక్రాలనూ, వాటిని బిగించిన తీరునూ మాత్రమే అనుమానించాలి.

ముందుగా గమనించవలసినవి

మెకానిక్‌కు ఒడియాలో ‘థరుఛి’ అని చెప్పినా, తెలుగులో ‘వణుకుతోంది’ అని చెప్పినా అతనికి తెలిసేది సగమే. ఏ వేగంలో మొదలై ఏ వేగంలో తగ్గుతోంది, చేతులకు తెలుస్తోందా సీటుకు తెలుస్తోందా, బ్రేకు తొక్కినప్పుడా లేక మామూలుగా సాగుతున్నప్పుడా అన్నవి చెప్పగలిగితే పని సగం అయినట్టే. చేతులకు తెలిసే వణుకు సాధారణంగా ముందు చక్రాలది. సీటులోనూ కాళ్ళ కింది నేలలోనూ తెలిసేది వెనక చక్రాలది. 80 నుంచి 110 మధ్య వచ్చి, ఆ పైన కొంత సద్దుమణిగేది బరువు తూకం తప్పిన చక్రం లక్షణం. 20, 30 వేగంలోనే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతుంటే రిమ్ము వంకర గాని, టైరు లోపలి తీగల పట్టీ జరగడం గాని కారణం కావచ్చు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే డిస్కును చూడాలి. కారు ఒక పక్కకు లాగడం అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) సంగతి. అది వేరే లోపం. వణుకు పోగొట్టడానికని అలైన్‌మెంట్ చేయించడం వల్ల ఫలితం ఉండదు.

ఆ వేగాల మధ్యనే ఎందుకు వణుకుతుందో తెలిస్తే మిగతాది సులభంగా అర్థమవుతుంది. 185/65 ఆర్15 టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. కారు చక్రం, దాన్ని మోసే సస్పెన్షన్ తమంత తాముగా ఊగే లయ కూడా సెకనుకు 10 నుంచి 15 సార్ల దగ్గర ఉంటుంది కనుక, ఆ రెండూ కలిసినచోట చిన్న లోపం పెద్దదై చేతికి తగులుతుంది. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉంటే, ఆ వేగంలో అది దాదాపు 3 కిలోల బలంతో చక్రాన్ని ప్రతి చుట్టులోనూ బయటకు లాగుతుంది. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్ళో తిరిగేటప్పుడు ఏమీ తెలియకపోవడానికి కారణం అదే.

హబ్బుకూ రిమ్ముకూ మధ్య ఖాళీ

నా అనుభవంలో ఎక్కువమంది వెతకని చోటు ఇదే. మా స్విఫ్ట్‌కు బయట కొన్న 15 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించినప్పుడు మూడు సార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. మూడు సార్లూ మెషీన్ మీద సున్నా వచ్చింది, మూడు సార్లూ టెక్కలి దాటగానే స్టీరింగ్ వణికింది. చివరికి చక్రం విప్పించి, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూస్తే, కారు హబ్బు (చక్రాన్ని బిగించే భాగం) మీది బొడిపె వ్యాసం 54.1 మిల్లీమీటర్లు, రిమ్ము నడిమి రంధ్రం 73.1 మిల్లీమీటర్లు. చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. బయటి కంపెనీలు ఒకే రిమ్మును రకరకాల కార్లకు సరిపోయేలా పెద్ద రంధ్రంతో తయారుచేస్తాయి కనుక అది ఆ రిమ్ము లోపం కాదు. ఆ ఖాళీని నింపే హబ్ రింగు వేయకపోవడమే లోపం.

ఆ రింగు లేనప్పుడు చక్రాన్ని నడిమికి తెచ్చే బాధ్యత పూర్తిగా నాలుగు నట్ల మీద పడుతుంది. కారు బరువు నేల మీద ఉండగా నట్లు బిగించే గన్‌తో ఒక నట్టును ముందే బిర్రుగా బిగించేస్తే, చక్రం అర మిల్లీమీటరు పక్కకు కూర్చుని అక్కడే ఉండిపోతుంది. టైరుతో కలిపి 16 కిలోలుండే చక్రం అర మిల్లీమీటరు పక్కకు జరగడమంటే, రిమ్ము అంచున సుమారు 40 గ్రాముల బరువు అంటించడంతో సమానం. బ్యాలెన్సింగ్ మెషీన్ రిమ్మును దాని సొంత రంధ్రం ఆధారంగా శంకువు మీద నిలబెట్టి తిప్పుతుంది కనుక, ఆ తప్పు దానికి ఎన్నటికీ కనబడదు. మెషీన్‌నూ దాన్ని నడిపే కుర్రవాణ్ణీ తప్పు పట్టడం అన్యాయం.

పరిష్కారం చవకైనదే. బయట 73.1, లోపల 54.1 కొలత ఉన్న రింగులు నాలుగు తెప్పించుకోవాలి. మీ కారు, మీ రిమ్ము కొలతలు తప్పక చూసుకోవాలి, ఎందుకంటే ఉదాహరణకు చాలా చిన్న హోండా కార్ల హబ్బు 56.1. ఘాట్లలో బ్రేకులు బాగా వేడెక్కే మన ప్రాంతంలో ప్లాస్టిక్ కన్నా అల్యూమినియం రింగులే మేలని నా అభిప్రాయం. అయితే అవి హబ్బుకు పట్టేయకుండా పలచగా గ్రీజు రాయాలి. రింగు పెట్టేముందు హబ్బు ముఖం మీది తుప్పునూ ఎండిన మట్టినీ వైరు బ్రష్‌తో గీకించాలి. మా కారు చక్రం విప్పినప్పుడు ఆ ముఖం మీద గోటి మందాన తుప్పు పొర, దానిలో పాత రిమ్ము ముద్ర స్పష్టంగా కనిపించాయి. కొత్త రిమ్ము ఆ పొర మీద ఏటవాలుగా కూర్చుంది.

రింగులు వచ్చేదాకా ఆగవలసివస్తే, చదునైన నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, ఎదుటి చక్రాలకు రాయి పెట్టి, జాకీతో చక్రాన్ని నేల నుంచి లేపి, నట్లను చేత్తోనే ఒకదానికి ఎదురుగా ఉన్నదాన్ని తర్వాత బిగిస్తూ, మధ్యలో చక్రాన్ని కొంచెం తిప్పుతూ కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే దింపి, బిగువును కొలిచే టార్క్ రెంచితో ముగించాలి. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉండే ఆ బిగువు, మీ కారు మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. గన్‌తో అతిగా, అసమానంగా బిగిస్తే బ్రేకు డిస్కు కూడా వంకరపోతుంది. నట్లు కూడా రిమ్ముకు తగినవై ఉండాలి: బయటి రిమ్ములకు సాధారణంగా శంకువు మొన గల నట్లు కావాలి, హోండా నట్ల మొన గుండ్రం, చాలా టొయోటా సొంత అల్లాయ్ నట్ల కింద చదును వాషరు ఉంటుంది. ఒకదాని చోట మరొకటి పెడితే చక్రం నడిమికి రాదు, నట్టు వదులయ్యే ప్రమాదం కూడా ఉంది.

తూకం, టైరు

చక్రాన్ని సరిగ్గా నడిమికి తెచ్చినా వణుకు మిగిలితే అప్పుడు బ్యాలెన్సింగ్ వైపు చూడాలి. అంటించే బరువు ముక్కలు ఊడిపోయి ఉంటే, రిమ్ము లోపలి వైపు చతురస్రాకారపు జిగురు మరకలు కనిపిస్తాయి. వానాకాలంలో పొట్టంగి ఘాట్ దిగి వచ్చిన కారు రిమ్ముల లోపల ఎర్రమట్టి ఒకచోట గడ్డకట్టడం కూడా అదే వణుకు తెస్తుంది. దానికి నీళ్ళ పైపు చాలు.

తర్వాత టైరు. రిమ్ము అంచు పక్కన టైరు మీద చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీత రిమ్ముకు ఒకచోట దగ్గరగా, మరొకచోట దూరంగా ఉంటే టైరు అంచు పూర్తిగా కూర్చోలేదని అర్థం. గాలి తీసి, సబ్బునీరు రాసి, 40 పీఎస్ఐ దాటకుండా మళ్ళీ నింపించాలి. తర్వాత జాకీ మీద చక్రాన్ని తిప్పుతూ సుద్దముక్కను రిమ్ము అంచుకు దగ్గరగా కదలకుండా పట్టుకుంటే వంకర ఎక్కడుందో సుద్ద గీత పడ్డ చోటే చెబుతుంది. టైరు నేలను తాకే భాగం (ట్రెడ్) మీద ఉబ్బు కనబడితే ఆ టైరు మీద ఒక్క కిలోమీటరు కూడా వెళ్ళవద్దు. స్టెప్నీ వేసుకొని, వారంటీ కింద మార్పించుకోవాలి.

ఏ చక్రమో తేలనప్పుడు ముందు రెండు చక్రాలనూ వెనక్కి, వెనక రెండింటినీ ముందుకు మార్చి అదే దారిలో అదే వేగంతో వెళ్ళి చూడాలి. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు మారితే లోపం మార్చిన చక్రాలలోనే ఉంది. మారకుండా స్టీరింగ్‌లోనే నిలిస్తే చక్రాలను వదిలి, వాటిని స్టీరింగ్‌కూ కారుకూ కలిపే భాగాలైన టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్, వీల్ బేరింగ్ చూపించాలి. పాత టైర్ల మెత్తదనం కప్పిపుచ్చిన అరుగుదల కొత్త టైర్లతో బయటపడి ఉండవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వణుకుతుంటే లోపలి వైపు డ్రైవ్ షాఫ్ట్ జాయింటును చూపించాలి.

చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు, చక్రాలు చల్లబడ్డాక, నట్లను టార్క్ రెంచితో మళ్ళీ సరిచూసుకోవాలి. మా కారుకు రింగులు వేశాక బరంపురం వెళ్ళి ఆగి చూస్తే, ఎడమ ముందు చక్రం నట్టు ఒకటి ఇంకా పావు చుట్టు తిరిగింది.