వేడి చేసిందని సరిపెట్టుకునే ముందు

రోహిణి కార్తె ఇంకా రాకముందే మన ఇళ్లలో వినపడే మాట: "ఒంట్లో వేడి చేసింది." మూత్రానికి వెళ్తే మంట, చూస్తే పసుపు కలిపిన నీళ్లలా ఉంటుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని రెండు గ్లాసులు తాగుతాం. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. తగ్గనప్పుడు తేడా ఎక్కడొచ్చిందో పసిగట్టాలంటే లోపలి దారి కాస్త తెలిసుండాలి.

వెన్నెముకకు చెరోపక్క, చివరి పక్కటెముకల చాటున రెండు కిడ్నీలు. పైన కాలేయం ఉండటంతో కుడిది కాస్త దిగువన ఉంటుంది. ఒక్కోదానిలో దాదాపు 10 లక్షల వడపోత గొట్టాలు. రెండూ కలిసి రక్తంలోంచి రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని వడపోసి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకే పంపుతాయి. బయటికి వచ్చేది లీటరున్నర, మహా అయితే రెండు. ఎండలో చెమట ధారకడితే కిడ్నీ నీళ్లు పొదుపు చేసి, లవణాలను చిక్కగా వదులుతుంది. ఆ చిక్కదనమే పసుపు. ఒకరోజు అలా ఉంటే జబ్బేం కాదు. వారాల తరబడి ఉంటేనే చిక్కు: పాకం ముదిరితే పలుకులు కట్టినట్టు, మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్ అనే లవణం కలిసి గట్టిపడి రాళ్లవుతాయి.

కాబట్టి గ్లాసులు లెక్కపెట్టడం కన్నా రంగు చూసుకోవడం మేలు. పొద్దున్నే ముదురుగా రావడం మామూలే. మధ్యాహ్నానికి పలుచటి నిమ్మరసంలా మారాలి. మారలేదంటే తాగింది చాలలేదన్నమాట. (బి కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు ఈ లెక్క పనిచేయదు, రంగు ఎలాగూ పచ్చగా వస్తుంది.) నిమ్మరసంలోని సిట్రేట్ పలుకులు కట్టకుండా అడ్డుపడుతుంది. ఉప్పు మాత్రం మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా పోయేలా చేస్తుంది, అందుకే రాళ్ల అలవాటున్నవాళ్లు ఊరగాయ దగ్గర చెయ్యి ఆపుకోవాలి. పాలు, పెరుగు మానేయమని సలహా ఇచ్చే చుట్టాలుంటారు, వినకండి. తిండిలోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసుకుంటుంది.

మూడేళ్ల కిందట మే నెల, అర్ధరాత్రి. నా ఎడమ డొక్కలో మొదలైన నొప్పి గజ్జల్లోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను, గోడ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టం సుమారు 25 సెంటీమీటర్లు, అందులో మూడుచోట్ల ఇరుకు. రాయి అక్కడే తట్టుకుంటుంది. నాలుగో రోజు స్టీలు మగ్గులో టింగుమని పడింది, చూస్తే ఆవగింజకు కాస్త పెద్దది! అంత చిన్నదానికా అంత గోల అనిపించింది. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే పడిపోతాయి.

ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మూత్రాశయం నుంచి బయటికున్న దారి 4 సెంటీమీటర్లే, మగవాళ్లకు దాదాపు 20. క్రిములు ఎక్కడం అంత సులువు. పైగా బట్టల షాపులో నిలబడే అమ్మాయి, దూరప్రయాణం చేసే అమ్మ, బడిలో టీచరు, అందరిదీ ఒకటే కథ: బాత్రూం బాగోదని నీళ్లే తాగరు. నాకు కోపం వాళ్లమీద కాదు, ఆ బాత్రూంలమీద. మాటిమాటికీ వెళ్లాలనిపించి బొట్లు బొట్లుగా మంటగా వస్తుంటే అది వేడి కాదు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మూత్రపరీక్ష చేయించి, డాక్టరు రాసిన కోర్సు పూర్తిగా వాడాలి.

ఎండన పడి పనిచేసి వచ్చి ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్ర వేసుకోవడం ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు, ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాలవాళ్లు ఎండలు ముదరకముందే క్రియాటినిన్ (కిడ్నీ వడపోత ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. ఈ జబ్బు మొదట్లో ఏ నొప్పీ చూపించదు. ఇప్పటికే కిడ్నీ లేదా గుండె దెబ్బతిన్నవాళ్లకు నీళ్లు ఎంతన్నది డాక్టరే చెప్పాలి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు కొబ్బరి నీళ్లలోని పొటాషియం కూడా ముప్పే.

చలిజ్వరంతో డొక్కనొప్పి వచ్చినా, పూటంతా చుక్క మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎర్రగా పడితే, నొప్పి లేకపోయినా, ఒక్కసారే పడి ఆగిపోయినా చూపించుకోవాలి. ముందురోజు బీట్‌రూట్ తిన్నారేమో మాత్రం ఒకసారి గుర్తు తెచ్చుకోండి.