అమెరికాలో నర్సింగ్ లైసెన్స్: వేరే రాష్ట్రం, వేరే దేశం లైసెన్స్ ఉన్నవాళ్ల దరఖాస్తు విధానం

అమెరికాలో నర్సింగ్ లైసెన్స్ ఇచ్చేది ఆయా రాష్ట్రాల బోర్డ్ ఆఫ్ నర్సింగ్. కాబట్టి మీరు ఏ రాష్ట్రంలో పనిచేయబోతున్నారో ముందు తేల్చుకోవాలి. ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు. ఆలస్యమంతా మన చేతుల మీదుగా వెళ్లని కాగితాల దగ్గరే. లైసెన్స్ వెరిఫికేషన్, ట్రాన్స్‌క్రిప్టులు సాధారణంగా లైసెన్స్ ఇచ్చిన ఆఫీసు నుంచి, చదివిన కాలేజీ నుంచి నేరుగా బోర్డుకు వెళ్లాలి, మనం స్కాన్ చేసి పంపితే చెల్లవు. అందుకే ముందుగా వాటిని కదిలించండి.

ఇప్పటికే అమెరికాలోని ఒక రాష్ట్రంలో లైసెన్స్ ఉంటే దారి సులువు. దీన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. నర్సింగ్ లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష ఒకసారి పాసైతే రాష్ట్రం మారినప్పుడల్లా మళ్లీ రాయక్కర్లేదు. కొత్త రాష్ట్రం బోర్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, ఫీజు కట్టి, వేలిముద్రలు ఇవ్వాలి. పాత లైసెన్స్ వెరిఫికేషన్ చాలా రాష్ట్రాలకు నర్సిస్ వెబ్‌సైట్ ద్వారా వెళ్తుంది. దాని ఫీజు ఒక్కో లైసెన్స్ రకానికి, పంపే ఒక్కో బోర్డుకు 30 డాలర్లు.

కాంపాక్ట్ రాష్ట్రాల్లో, అంటే ఒకరి లైసెన్స్‌ను ఒకరు ఒప్పుకునేలా ఒప్పందం చేసుకున్న రాష్ట్రాల్లో, ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. అక్కడి మల్టీస్టేట్ లైసెన్స్‌తో మిగతా కాంపాక్ట్ రాష్ట్రాల్లోనూ పనిచేయవచ్చు. అయితే కాపురమే మరో కాంపాక్ట్ రాష్ట్రానికి మారిస్తే 60 రోజుల్లోపు అక్కడ దరఖాస్తు చేయాలి. 2024 జనవరి నుంచి ఈ గడువు అమల్లో ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ కాంపాక్ట్‌లో లేవు.

ఇండియాలో చదివి, ఇక్కడి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వాళ్లకు పని ఎక్కువ. చదువును అక్కడి ప్రమాణాలతో పోల్చి చూసే మదింపు నివేదికను చాలా బోర్డులు అడుగుతాయి. సీజీఎఫ్ఎన్ఎస్ ఇచ్చే నివేదిక వీటిలో బాగా తెలిసింది, ఆ సంస్థ పేరు ఇప్పుడు ట్రూమెరిట్. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్ష కావాలా వద్దా అన్నది బోర్డును బట్టి ఉంటుంది.

ట్రాన్స్‌క్రిప్టు అంటే మార్కుల మెమో కాదు. ఏ సబ్జెక్టులో థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు చేశారో అందులో విడివిడిగా ఉండాలి. కాలిఫోర్నియా బోర్డు దగ్గర ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే. ప్రసూతి, పిల్లలు, మానసిక వైద్యం వంటి విభాగాల్లో పాఠం చెప్పిన కాలంలోనే వార్డు డ్యూటీ కూడా జరిగిందా అని వాళ్లు చూస్తారు. థియరీ ఒక ఏడాదిలో, క్లినికల్ మరో ఏడాదిలో చేసినట్టు రికార్డులో ఉంటే ఆ భాగం మళ్లీ చదవమనే అవకాశం ఉంది. కాలేజీ వాళ్లు ఫారం పంపేముందే తేదీలు ఒకసారి చూడనిస్తారేమో అడగండి.

పేరు విషయంలో మన తెలుగువాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక మారి కూడా ఉండొచ్చు. ఎన్‌క్లెక్స్‌కు, ఆ పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ సంస్థలో 200 డాలర్లు కట్టి రిజిస్టరయ్యేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న పేరే ఇవ్వండి. బోర్డు అర్హత ఖరారు చేశాక వచ్చే ఏటీటీలో (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి పత్రం) పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకటి కాకపోతే పరీక్ష హాల్లోకి రానివ్వరు. పరీక్ష రాయడానికి అమెరికా వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లోనూ సెంటర్ ఉంది.

పరీక్ష పాసైనా కొన్ని రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబర్ వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వవు. అందుకే రాష్ట్రాన్ని ఎంచుకునేటప్పుడే ఈ నిబంధన చూసుకోవాలి. ఉద్యోగ వీసాకు, మన చదువు, లైసెన్స్, ఇంగ్లిష్ సరిపోతాయని ధ్రువీకరించే వీసాస్క్రీన్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి. అది లైసెన్స్ కాదు, లైసెన్స్ ఉంటే అది అక్కర్లేదనీ కాదు.

దరఖాస్తు పెట్టాక బోర్డు పోర్టల్‌లో స్టేటస్ చూస్తూ ఉండండి. ఏదైనా కాగితం తక్కువైతే అక్కడే కనిపిస్తుంది. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా సరే, లైసెన్స్ గానీ తాత్కాలిక పర్మిట్ గానీ రాకుండా డ్యూటీలో చేరకండి.