ఎల్లోస్టోన్‌కు అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్తున్నారా?

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ అనగానే అందరికీ ఎలుగుబంటి భయం. కానీ అక్కడ ఎక్కువమందిని గాయపరిచిన జంతువు బైసన్ (అమెరికా అడవిదున్న). దాన్నీ మించినవి వేడినీటి బుగ్గలు. వాటిలో పడి ఇప్పటికి 20 మందికి పైగా చనిపోయారు.

బుగ్గల చుట్టూ నేల తెల్లగా, గట్టిగానే కనిపిస్తుంది. నిజానికి పైన ఉన్నది పలచటి పొర, కింద మరిగే నీళ్లు. కాలు పెడితే ఆ పొర విరిగిపోవచ్చు. అందుకే చెక్కబాట దిగకండి. టోపీ ఎగిరిపోయినా, ఫోన్ జారిపడినా దిగొద్దు, రేంజర్‌కు (పార్క్ సిబ్బందికి) చెప్పండి. చెక్కబాటకు చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, చిన్నపిల్లల చెయ్యి వదలకండి. నీళ్లు నీలంగా, తేటగా ఉన్నాయని వేలు ముంచి చూడటం అసలు వద్దు.

బైసన్‌కు, ఎల్క్ అనే పెద్ద జింకలకు కనీసం 25 గజాలు, ఎలుగులు, తోడేళ్లకు 100 గజాల దూరం పాటించాలి. అదే దగ్గరికొస్తే మీరే వెనక్కి జరగాలి. ఊళ్లో గేదెల మధ్య పెరిగినవాళ్లకు బైసన్‌ను చూస్తే చనువు పుడుతుంది, చిక్కంతా అక్కడే. అది గంటకు 35 మైళ్ల వేగంతో పరుగెత్తగలదు. తోక పైకి లేపిందంటే, గిట్టతో నేల గీరిందంటే సెల్ఫీ మాట మరిచి తప్పుకోండి. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు ఎద కాలం, మగవి మరీ చిరాకుగా ఉంటాయి.

పిక్నిక్ బల్ల మీద పులిహోర డబ్బా పెట్టి ఫొటోలకు వెళ్లకండి. తిండి, ఐస్‌బాక్స్, స్టవ్, ఎంగిలి గిన్నెలు, చివరికి టూత్‌పేస్ట్ కూడా వాడనప్పుడు కారులో పెట్టి తాళం వెయ్యాలి, లేదా క్యాంప్‌లోని ఇనుప పెట్టెలో ఉంచాలి. మన తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది.

ట్రెయిల్ ఎక్కేవాళ్లకు బేర్ స్ప్రే (ఎలుగు మీద కొట్టే మిరపఘాటు స్ప్రే) తప్పనిసరి అనుకోండి. విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలి. గడువు తేదీ చూసి, నడుముకు తగిలించుకోండి. బ్యాగ్ అడుగున ఉంటే పనికిరాదు. ఎలుగు మీదికి వస్తుంటే క్లిప్ తీసి, 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉన్నప్పుడే కాస్త కిందికి గురిపెట్టి కొట్టాలి. దోమల మందులా ఒంటికి పూసుకునేది కాదు. ఎండలో నిలిపిన కారులో వదిలితే పేలిపోవచ్చు.

ఇక సదుపాయాలు. కారుకు గ్యాస్ (పెట్రోల్) పార్క్‌లోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, గ్రాంట్, ఫిషింగ్ బ్రిడ్జ్, కాన్యన్, టవర్, మామత్‌లలో దొరుకుతుంది, కొన్ని వేసవిలోనే తెరుస్తారు. ట్యాంక్ సగానికి దిగగానే నింపేయండి. క్లినిక్‌లు మామత్, లేక్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌లో ఉన్నాయి, వీటిలో ఏడాది పొడవునా నడిచేది మామత్ ఒక్కటే. అత్యవసరమైతే 911. సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో ఎల్లోస్టోన్‌ను ముందే ఆఫ్‌లైన్‌గా దించుకోండి. నవంబర్ మొదట్నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఉత్తరపు గేటు నుంచి ఈశాన్యపు గేటుకు వెళ్లే దారి తప్ప మిగతా రోడ్లు మామూలు కార్లకు మూసేస్తారు.

పార్క్‌లో చాలా భాగం 7,500 అడుగులకు పైనే. పెద్దవాళ్లకు ఆయాసం రావచ్చు, మొదటి రోజు నడక తగ్గించండి. వాళ్ల బీపీ, షుగర్ మందులు, ఇన్సూరెన్స్ కార్డు హోటల్ గదిలో కాకుండా కారులో చేతికందేలా ఉంచండి. పార్క్‌ను చుట్టివచ్చే గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్లు, మధ్యలో బైసన్ మంద అడ్డం నిలిస్తే గంటలకొద్దీ కదలలేరు.