ఇల్లు మారేవారికి: విప్పే క్రమాన్ని బట్టి సామాను సర్దుకోవడం

ఇల్లు మారే పని అంటే సామాను కట్టడమే అనుకుంటాం. కట్టడం ఎలాగో ఒకలా పూర్తవుతుంది. అసలు ఇబ్బంది కొత్త ఇంట్లో దిగిన మొదటి రాత్రి మొదలవుతుంది. పిల్లవాడికి జ్వరం మాత్ర కావాలంటే అది ఏ పెట్టెలో ఉందో తెలియదు, స్టవ్వు దొరుకుతుంది గానీ లైటరు దొరకదు, పరుపులు లోపలికి వస్తాయి గానీ దుప్పట్ల మూట బీరువా వెనుక ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటుంది. కాబట్టి ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది పాత ఇంట్లో ఎక్కడ ఉండేదని కాకుండా, కొత్త ఇంట్లో ఏ గదికి వెళ్తుంది, ఎన్నో రోజున అవసరమవుతుంది అని ఆలోచించి సర్దాలి. వరంగల్, హనుమకొండ, కాజీపేటల మధ్య మారేవారికైనా, ఇక్కడి నుంచి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లేవారికైనా ఈ ఒక్క పద్ధతి పట్టుబడితే మిగిలిన పనులు దాని వెంటే కుదురుకుంటాయి.

ముందుగా రోజు నిర్ణయించుకోవాలి. బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి పిల్లలున్న కుటుంబాలు ఎక్కువగా మే నెలలోనే మారుతాయి. ఆషాఢంలో, మూఢంలో కొత్త ఇంట్లో కాలుపెట్టడానికి చాలామంది ఇష్టపడరు. అందువల్ల మిగిలిన మంచి రోజుల్లో డీసీఎంలకూ (సామాను మోసే మధ్యరకం లారీలకూ) హమాలీలకూ గిరాకీ పెరిగి, అడిగిన వెంటనే దొరకరు. కనీసం రెండు వారాల ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మే నెలలో అయితే తెల్లవారుజామున ఐదు గంటలకే సామాను ఎక్కించడం మొదలుపెట్టి, ఎండ ముదరకముందే దింపుకునేలా చూసుకోవడం హమాలీల ఆరోగ్యానికీ మంచిది, ప్లాస్టిక్ సామానుకూ మంచిది. శ్రావణంలో మారాలనుకుంటే వాన సంగతి ఆలోచించాలి. ముహూర్తం రోజున దేవుడి పటం, పసుపు కుంకుమలు, ఉప్పు, బియ్యం, నీళ్ల బిందె తీసుకెళ్లి పాలు పొంగించుకుని, మిగిలిన సామానును తెరపి ఇచ్చిన మరో రోజున తరలించుకోవడం మంచి పద్ధతి అని నా అభిప్రాయం. ముహూర్తం తప్పకూడదని కుండపోత వానలో పరుపులు, పుస్తకాలు మోయించడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు.

కొత్త ఇల్లు పల్లపు ప్రాంతంలో ఉంటే మరొక జాగ్రత్త అవసరం. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ కురిసిన భారీ వర్షాలకు వరంగల్, హనుమకొండల్లోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి. అటువంటి చోట కింది అంతస్తులో దిగేవారు, అప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకుని, విప్పని పెట్టెలను నేలమీద వారాల తరబడి వదిలేయకుండా బల్లల మీదో సజ్జల మీదో పెట్టుకోవాలి.

సర్దడం కంటే ముందు తగ్గించుకోవడం ఉంటుంది. సజ్జ మీద ఏళ్లుగా కదలని విరిగిన కుర్చీ, పాత టీవీ, పొట్టి అయిపోయిన పిల్లల బట్టలు డీసీఎంలో చోటు ఆక్రమించుకుని కొత్త ఇంటి సజ్జ ఎక్కడం తప్ప మరెందుకూ పనికిరావు. పాత సామాను కొనేవారిని పిలిచి వాటిని మూడు వారాల ముందే పంపించేయండి. అయితే పెద్దవాళ్ల వస్తువుల విషయంలో వారిని అడగకుండా ఏదీ తీసేయకూడదు. మనకు పనికిరానిదిగా కనిపించే ఇసుర్రాయి, ఇత్తడి గుండి పాత్ర వారికి పుట్టింటి గుర్తు కావచ్చు.

పెట్టెలు, సంచులు

అట్టపెట్టెలు మందుల దుకాణాల్లోనూ కిరాణా దుకాణాల్లోనూ తక్కువ ధరకు దొరుకుతాయి. పరిమాణాలు రెండు మూడు రకాలకు మించకుండా తెచ్చుకుంటే బండిలో ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. గోనె సంచులు కావాలంటే ఊరిలో కొరత లేదు గానీ, మిరపకాయలు నింపిన సంచులను మాత్రం బట్టలకూ పరుపులకూ అస్సలు వాడవద్దు. ఎంత దులిపినా ఆ ఘాటు నారలోనే ఉండిపోయి, తర్వాత ఆ బట్టలు తొడుక్కున్న పిల్లల ఒళ్లు మండుతుంది. బియ్యం సంచులైతే ఇబ్బంది లేదు.

పుస్తకాలను ఎప్పుడూ చిన్న పెట్టెల్లోనే పెట్టాలి. ఒక మనిషి నడుము నొప్పి రాకుండా ఎత్తగలిగే బరువు, అంటే సుమారు 15 కిలోలు, దాటకూడదు. పెద్ద పెట్టెలు దిండ్లకూ, స్వెట్టర్లకూ, బొమ్మలకూ సరిపోతాయి. పెట్టె అడుగున టేపు రెండు వరుసలు వేసి, పైన సుతిలి తాడుతో అడ్డంగా నిలువుగా కట్టాలి. పేరు పైమూతమీద రాస్తే, మరో పెట్టె దానిమీదికి రాగానే కనిపించదు కాబట్టి రెండు పక్కలా రాయండి. రాయవలసినవి మూడే విషయాలు: వరుస సంఖ్య, కొత్త ఇంట్లో చేరవలసిన గది, విప్పవలసిన రోజు. లోపల ఏముందో వివరంగా ఒక నోటు పుస్తకంలో అదే సంఖ్య ఎదురుగా రాసుకోవాలి. పెట్టెమీద వెండి సామాను, కెమెరా అని రాయడం క్షేమం కాదు. ఈ నోటు పుస్తకం మీ చేతిసంచిలోనే ఉండాలి. దింపేటప్పుడు ఒకరు గుమ్మం దగ్గర నిలబడి సంఖ్యలు టిక్కు పెట్టుకుంటూ ఏ గదికో చెబుతుంటే, సామానంతా హాల్లో గుట్టగా పడకుండా ఉంటుంది, ఏదైనా తగ్గితే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

బబుల్ షీటు కొనడం గాజు వస్తువులకు తప్ప అవసరం లేదు. ఇంట్లోని తువాళ్లు, పాత చీరలు, దుప్పట్లు ఎలాగూ తీసుకెళ్లాలి కాబట్టి వాటినే మెత్తలుగా వాడుకోవచ్చు. వరంగల్ కొత్తవాడ నేతకారుల జంపఖానాలు ఇక్కడి ఇళ్లలో అపరిచితం కావు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ దట్టమైన నూలు నేత ఫ్రిజ్‌కూ, బీరువా అద్దానికీ చుట్టడానికి ఎంతో అనువైనది. పాత పేపర్లతో తెల్లని పింగాణీని నేరుగా చుడితే సిరా అంటుతుంది; మధ్యలో ఒక పలుచని గుడ్డ వేయండి.

వంటింటి సంగతి

అన్నిటికంటే ఆలస్యంగా కట్టి, అన్నిటికంటే ముందు విప్పవలసింది వంటిల్లు. ఇక్కడే ఎక్కువ సమయం కేటాయించాలి. పది రోజుల ముందు నుంచే కొత్త సరుకులు తేవడం తగ్గించి, ఉన్న పప్పులు, పిండ్లు, రవ్వలు వాడుకుంటూ పోతే మోయవలసిన డబ్బాలు సగమవుతాయి. పండుగలకు మాత్రమే దించే పెద్ద గంజులు, అదనపు స్టీలు సామాను, విందులకు తీసే పళ్లేలు వారం ముందే కట్టేయవచ్చు. చివరి మూడు రోజులకు ఒక కుక్కరు, రెండు గిన్నెలు, ఒక పెనం, మనిషికొక కంచం, గ్లాసు మాత్రమే బయట ఉంచుకోవాలి. ఆ కొద్దిపాటి సామానే కొత్త ఇంట్లో మొదటి రోజు వంటకూ సరిపోతుంది.

వేసవిలో మారేవారికి కొత్త ఆవకాయ జాడీ పెద్ద పరీక్ష. నూనె పైకి తేలి ఉన్న జాడీని నిండుగా కదిలిస్తే కారకుండా ఉండదు. పైనున్న నూనెను పొడి గిన్నెతో సీసాలోకి తీసి, జాడీ మూతికి శుభ్రమైన పొడి గుడ్డతో వాసెన కట్టి, దానిపై ప్లాస్టిక్ కవరు బిగించి, బకెట్లో నిలబెట్టి చుట్టూ తువాళ్లు కూరాలి. కొత్త ఇల్లు చేరగానే తీసిన నూనెను తిరిగి పోయండి. ఈ బకెట్ డీసీఎంలో కాకుండా మనుషులు వెళ్లే బండిలో కాళ్ల దగ్గర ఉండడం మేలు.

పింగాణీ, గాజు పళ్లేలను పడుకోబెట్టకుండా పుస్తకాల మాదిరిగా నిలువుగా పేర్చాలి. అలా పెడితే కుదుపులకు పగలడం తక్కువ. కారం, పసుపు డబ్బాల మూతలకు టేపు వేయండి. సబ్బులు, ఫినాయిలు, కలరా ఉండలు బియ్యం, పప్పులున్న పెట్టె దరిదాపుల్లో కూడా ఉండకూడదు, ఎందుకంటే ఆ వాసన ఒకసారి బియ్యానికి పట్టిందంటే వండినా పోదు. మిక్సీ జార్లను మూటలో వేయకుండా దాని పెట్టెలోనే పెట్టి, గ్రైండరు రాళ్లను తీసి వేరుగా గుడ్డలో చుట్టండి.

గ్యాస్ సిలిండరుకు రెగ్యులేటరు తీసి, వాల్వుపై ప్లాస్టిక్ మూత బిగించి, నిలువుగానే ఉంచి, గాలి ఆడే బండిలోనే తీసుకెళ్లాలి. మూసి ఉన్న బండిలో వేయకూడదు. స్టవ్వుకు బిగించిన సురక్ష గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి కాబట్టి దానిమీద ముద్రించిన సంవత్సరం చూసుకోవడానికి ఇదే సందర్భం.

యంత్రాలు, బరువైన సామాను

ఫ్రిజ్‌ను ముందు రోజు ఉదయమే ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపు తెరిచి, కరిగిన నీటిని తుడవాలి. దానిని నిలువుగానే తరలించాలి. పడుకోబెడితే కంప్రెసరులోని నూనె గొట్టాల్లోకి పారుతుంది. కొత్త ఇంట్లో పెట్టిన తర్వాత కూడా వెంటనే ఆన్ చేయకుండా కనీసం నాలుగు గంటలు ఆగండి. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కు, డ్రమ్ము కదలకుండా వెనుకవైపు బిగించే బోల్టులు కొన్నప్పుడే ఇస్తారు. అవి బిగించకుండా తరలిస్తే డ్రమ్మును పట్టుకునే భాగాలు దెబ్బతింటాయి. ఏసీని విప్పే మెకానిక్, గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసిన తర్వాతే రాగి గొట్టాలు విప్పాలి. ఆ పని చూసుకోకపోతే కొత్త ఇంట్లో గ్యాస్ నింపించుకునే ఖర్చు మీద పడుతుంది. ఇన్వర్టరు బ్యాటరీ పెద్దదైతే నీళ్లతో కలిపి 50 కిలోలకు పైగా ఉంటుంది, లోపల ఆమ్లం ఉంటుంది. దానిని ఇద్దరు పట్టి, వంచకుండా, బట్టల మూటలకు దూరంగా నిలబెట్టాలి. టీవీని దాని పెట్టెలో నిలువుగా పెట్టి పరుపుల మధ్య ఆనించండి.

కూలర్ లేని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. దాని తొట్టిలోని నీళ్లు రెండు రోజుల ముందే వంపేసి, గడ్డి పలకలను ఎండబెట్టి, మోటారు పంపు తీసి సంచిలో వేసి, పూర్తిగా ఆరిన ఖాళీ తొట్టిలో దిండ్లు కుక్కుకుంటే చోటు కలిసివస్తుంది. నీళ్ల డ్రమ్ములకూ ఇదే వర్తిస్తుంది.

బీరువా ఖాళీ చేయకుండా మోయించకూడదు, లాకరులోని నగలు, డబ్బు ముందే బయటికి రావాలి. ఇంతకంటే ముఖ్యమైనది కొలత. పాత కాలనీల్లో మెట్లు ఇరుకుగా, మలుపుల దగ్గర మరీ ఇరుకుగా ఉంటాయి. మంచం, సోఫా, బీరువా కొలతలు తీసుకుని కొత్త ఇంటి గుమ్మాన్నీ మెట్ల మలుపునూ వారం ముందే టేపుతో కొలిస్తే, ఏది విప్పాలో, ఏది బాల్కనీ నుంచి తాళ్లతో ఎక్కించాలో ముందే తేలుతుంది, హమాలీలతో కూలీ కూడా ముందే మాట్లాడుకోవచ్చు. విప్పిన మంచం నట్లు, స్క్రూలను కవరులో వేసి ఆ మంచం పలకకే టేపుతో అంటించండి.

బండి, ఎక్కించే వరుస

ఒక పడకగది ఇంటి సామానుకు టాటా ఏస్ రెండుసార్లు తిరిగితే సరిపోవచ్చు. ఊళ్లోనే దగ్గర దూరమైతే అదే చవక. రెండు పడకగదుల ఇల్లు దూరపు ఊరికి మారితే డీసీఎం మాట్లాడుకోవడమే మంచిది. ధర మాట్లాడేటప్పుడు ఎక్కించడం, దింపడం, అంతస్తులు, టోలు రుసుము అందులో కలిసి ఉన్నాయో లేదో తేల్చుకుని కాగితం మీద రాయించుకోండి. ప్యాకర్స్ అండ్ మూవర్స్ వారికి అప్పగిస్తే సామాను జాబితామీద సంతకం తీసుకోవాలి, బీమా పత్రాన్ని చదవాలి, మొత్తం డబ్బు ముందే ఇవ్వకూడదు.

బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ క్యాబిన్ వైపు గోడకు ఆనించి కట్టాలి. మంచం పలకలు పక్కల వెంట నిలువుగా, వాటి మధ్య పరుపులు, కింద పుస్తకాల పెట్టెలు, పైన తేలిక మూటలు వస్తాయి. అన్నిటికంటే చివర ఎక్కి ముందుగా దిగవలసినవి స్టవ్వు, వంటింటి పెట్టెలు, చీపురు, బకెట్, చెంబు, పడక మూట. ఆకాశంలో మబ్బు లేకపోయినా టార్పాలిన్ కప్పించండి. ఎండకూ దుమ్ముకూ అదే రక్ష.

డీసీఎంలో ఎప్పుడూ వేయకూడనివి కొన్ని ఉన్నాయి. పట్టాదారు పాసుపుస్తకాలు, ఇంటి దస్తావేజులు, పిల్లల మెమోలు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు, నగలు, రోజూ వాడే మందులు ఇంటి మనిషి ఒకరి చేతిసంచిలోనే ఉండాలి. దానితోపాటు మొదటి రాత్రి సంచి ఒకటి కట్టుకోండి: పాలగిన్నె, లైటరు, టీపొడి, చక్కెర, టార్చి, రెండు బల్బులు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్క్రూడ్రైవరు, కత్తెర, ఛార్జర్లు, సబ్బు, తువాళ్లు, ఒక జత బట్టలు, దోమల మందు. కత్తెర పెట్టెలోపల పెట్టి ఆ పెట్టెకు టేపు వేసేవారు ఎందరో ఉంటారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

తాళం అప్పగించే ముందు, ఆ తరువాత

పాత ఇంట్లో కరెంటు మీటరు అంకెలను ఖాళీ చేసిన రోజున, కొత్త ఇంట్లో దిగిన రోజున ఫోటో తీసి పెట్టుకోండి. గోడలు, కిటికీలు, నల్లాల ఫోటోలు కూడా యజమానితో అడ్వాన్సు లెక్క తేల్చుకునేటప్పుడు ఉపయోగపడతాయి. గ్యాస్ కనెక్షన్ విషయంలో, అదే ఊరిలో మరో ఏజెన్సీకి మారితే సిలిండరు మీ వద్దనే ఉంటుంది, బదిలీ చేయించుకుంటే చాలు. దూరపు ఊరికి వెళ్తే సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ వాపసు తీసుకుని, ఇచ్చిన పత్రాన్ని కొత్త ఏజెన్సీలో చూపించాలి. అప్పుడు సిలిండరును మోసుకెళ్లే పనే లేదు. రేషన్ బియ్యం రాష్ట్రంలోని ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు కాబట్టి ఆ నెల బియ్యం కోసం పాత ఊరికి తిరగనక్కరలేదు. ఓటు మార్పుకు ఫారం 8 నింపాలి. ఆధార్ చిరునామా మార్చుకున్న తరువాత బ్యాంకు, బీమా పనులు సులువవుతాయి.

ఖాళీ అయిన అట్టపెట్టెలను సజ్జమీద దాచుకోవద్దు. వానాకాలంలో చెమ్మ పట్టి చెదలు వస్తాయి. టీవీ పెట్టెను మాత్రం ఉంచుకుని, వాషింగ్ మెషీన్ బోల్టులను విప్పిన వెంటనే కవరులో వేసి మెషీన్ వెనుకే టేపుతో అంటించండి.