‘ఓపెన్ ద లైట్’: చైనీస్ విద్యార్థుల ఇంగ్లిష్‌లో మళ్లీ మళ్లీ వచ్చే తప్పు

సమస్య: “ప్లీజ్ ఓపెన్ ద లైట్.” “ఓపెన్ ద టీవీ.” చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ చెప్పేవారికి ఈ వాక్యాలు బాగా పరిచయం. కొట్టేసి ‘టర్న్ ఆన్’ అని రాసిస్తే తల ఊపుతారు. మాటల్లో పడ్డాక మళ్లీ అదే వస్తుంది.

కారణం: మాండరిన్‌లోని ‘ఖాయ్’ అనే క్రియ. తైవాన్, హాంకాంగ్‌లలో ఇప్పటికీ రాసే పాత రూపంలో ఈ అక్షరాన్ని దగ్గరగా చూడండి. జంట తలుపులు, మధ్యలో అడ్డగడియ, దాని కింద గడియ తీస్తున్న రెండు చేతులు. చైనాలో వాడే సరళ లిపిలో తలుపులు పోయాయి, గడియా చేతులూ మిగిలాయి. తలుపు తీయడం దగ్గర మొదలైన ఆ మాటే లైటు వేయడానికి, కారు నడపడానికి, మీటింగ్ పెట్టడానికి, పువ్వు విచ్చుకోవడానికి, చివరికి నీళ్లు మరగడానికి కూడా వచ్చింది. వాళ్ల చెవికి అందులో తేడా ఏమీ లేదు.

మన సంగతి చూడండి. తలుపు తీస్తే తెరిచినట్టు, లైటు తీసేస్తే ఆర్పినట్టు. తలుపు వేస్తే మూసినట్టు, లైటు వేస్తే వెలిగించినట్టు! ఇంత తిరకాసు భాషలో పుట్టి పెరిగినవాళ్లం, వాళ్లని విసుక్కోవడం న్యాయం కాదు.

పరిష్కారం: లిస్టులు బట్టీ పట్టించకండి. ఒక్క ప్రశ్న అలవాటు చేయండి: మూతో, తలుపో, రెప్పో పక్కకు జరిగి లోపలిది బయటపడుతోందా? అయితే ఓపెన్. మిషన్ పని మొదలుపెడితే టర్న్ ఆన్. “ఓపెన్ ద కంప్యూటర్” అంటే స్క్రూలు విప్పమని కూడా అర్థమొస్తుందని చెప్పి చూడండి, చాలామందికి అక్కడే వెలుగుతుంది. షాపు తెరవడం, బ్యాంక్ అకౌంట్ తెరవడం రెండు భాషల్లోనూ ఒకటే, వాటి జోలికి వెళ్లొద్దు. మీటింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. “ఓపెన్ ఎ మీటింగ్” తప్పు వాక్యం కాదు, కానీ దానర్థం మీటింగ్ ప్రారంభించడం. రెండు గంటలు నడిచిన మీటింగ్‌కి ‘హ్యాడ్’ కావాలి.

ఇంకో సమస్య: “షి ఈజ్ వెరీ ఓపెన్” అనే మాట చదివి విద్యార్థి ఇబ్బందిగా నవ్వుతాడు.

కారణం: నిఘంటువులో ఓపెన్‌కి ఎదురుగా ‘ఖాయ్‌ఫాంగ్’ ఉంటుంది. 1978లో చైనా మొదలుపెట్టిన సంస్కరణల పేరులో ఉన్నదీ ఈ మాటే, అక్కడ గౌరవంగానే వినిపిస్తుంది. అదే ఒక అమ్మాయి గురించి అంటే, కట్టుబాట్లు లేని మనిషనే అర్థం తొంగి చూస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటకి మనసులో ఏదీ దాచుకోదనే అర్థం.

పరిష్కారం: ఓపెన్‌ని ఒంటరిగా నేర్పకండి. ‘ఓపెన్ అబౌట్’ అంటే దాచకుండా చెప్పడం. ‘ఓపెన్ టు’ అంటే ఆలోచించడానికి సిద్ధం, ఒప్పుకున్నట్టు కాదు. ‘ఓపెన్ మైండెడ్’‌కి చైనీస్‌లో ‘ఖాయ్‌మింగ్’ అనే మంచి మాట ఉంది, అది గుర్తు చేస్తే చాలు.

‘ఓపెన్ సీక్రెట్’ గురించి టెన్షన్ అక్కర్లేదు. మన ‘బహిరంగ రహస్యం’ లాంటిదే చైనీస్‌లోనూ ఉంది.